అత్త ముందు సెల్లో

గద్వాల చర్చిలో దానియేలు సారు దగ్గర సులోచన సెల్లో నేర్చుకుంది. పెద్ద ఫిడేలులాంటి ఆ వాద్యాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకొని వాయించాలి. అత్త ఏమనుకుంటుందోనని ఇంట్లో తలుపేసుకొని సాధన చేసేది.

2006 క్రిస్మస్ ఆరాధనలో మొదటిసారి అందరి ముందూ కూర్చుంది. ముందు వరుసలో అత్తను చూడగానే సిగ్గుతో మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. సెల్లో పక్కకు ఒరిగింది. కమాను జారి తీగ కీచుమంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలాగో తల వంచుకొనే పాట ముగించింది.

బయటికి రాగానే అత్త అడిగింది. "గట్ల ముడుచుకొని కూసున్నవేందే? ఇంట్ల మంచిగ కాళ్లు ఎడంగ పెట్టి వాయిస్తవ్ గద!"

"నువ్వెప్పుడు చూసినవత్తమ్మా?"

"కిటికీల నుంచి రోజూ చూస్తనే ఉన్న. నీకు సిగ్గయితదని లోపలికి రాలే."

పాట చెడినందుకన్నా, ఈ మనిషిని తప్పుగా అర్థం చేసుకున్నందుకే సులోచనకు ఎక్కువ సిగ్గేసింది. దారంతా ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.