ఒకే దూలం కింద రెండు వాటాలు

2018 వేసవి. ఏన్కూరు దాటాక అడవి అంచున ఉన్న ఒక పల్లె నుంచి ఇద్దరు అన్నదమ్ములు ఇల్లు పంచమని నన్ను పిలిపించారు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఇంజనీరును నేను. పంపకాల పనంటే నాకు చిరాకు. టీ ఇద్దరింట్లోనూ తాగాలి, ఎవరింట్లో ముందు తాగానో కూడా లెక్కకొస్తుంది. ఆ ఇంటిని చూశాక మాత్రం టేపు తీయడం కూడా మరిచిపోయాను.

అక్కడ మట్టిగోడలు ఊరికే చాటుకే. బరువంతా కర్రలదే. రెండు కొసల్లోనూ నడిమధ్యా నిట్రాళ్ళనే నిలువు స్తంభాలు, వాటి మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే నల్లమద్ది మానుతో చేసిన వెన్నుదూలం. కప్పు వాలులు రెండూ కలిసే ఈ దూలాన్ని మేం రిడ్జ్ బీమ్ అంటాం. దాని నుంచి దిగిన వాసాల మీద మందంగా గడ్డి. ఎక్కడా ఒక్క ఇనుప మేకు లేదు.

తమ్ముడు సాంబయ్య తొందరపడ్డాడు. “నడుమకు కోసేద్దాం సార్. పక్కకింకో నిట్రాడు పాతితే ఎవని ఇల్లు వానిదైతది.”

అన్న వీరయ్య దూలం కిందికొచ్చి నిలబడ్డాడు. “మా తాత ఒక్క చెట్టును గిట్ల ఎత్తిండు. దాన్ని కోస్తే ఇంకేం ఇల్లు సార్?”

నిజానికి సాంబయ్య చెప్పినట్టు కోయొచ్చు. నాకే మనసొప్పలేదు. కింద గోడ కట్టుకుని, కప్పు ఉమ్మడిగా ఉంచుకోమన్నాను. లోడ్, అంటే పైనుంచి దిగే బరువు, లెక్క చూస్తే ఇంకో తరానికి ఢోకా లేదు. కాకపోతే గడ్డి మాత్రం ఇద్దరూ ఒకేసారి కప్పుకోవాలని చెప్పాను. ఇద్దరూ తలలూపారు. వీరయ్య నా చేయి పట్టుకుని వదల్లేదు.

ఆ తర్వాత వాళ్ళకు మాటల్లేవు. ఒక ఏడు వీరయ్య తన సగం కొత్తగడ్డి వేయించాడు, సాంబయ్య పాతదే ఉంచాడు. ఇంకో ఏడు సాంబయ్య వేయిస్తే వీరయ్య ఊరుకున్నాడు. కొత్తగడ్డి ఎత్తు, పాతగడ్డి పల్లం. అతుకు దగ్గర నీళ్ళు నిలిచి సరాసరి దూలంలోకి దిగాయి. తప్పు అవతలివాడిదేనని ఇద్దరూ ఉరుపు కింద గిన్నెలు పెట్టుకున్నారు తప్ప, ఒక్కరూ పైకెక్కి చూడలేదు.

కొన్నేళ్ళకు ఒక ముసురులో దూలం విరిగింది. మనుషులకేమీ కాలేదు. కబురంది నేను వెళ్ళేసరికి కప్పంతా నేల మీదుంది. గోడకు అటు వీరయ్య, ఇటు సాంబయ్య.

“ఎవని దిక్కు విరిగింది సార్?” అన్నాడు సాంబయ్య.

“అవ్ సార్, గదే చెప్పుండ్రి” అన్నాడు వీరయ్య.

విరిగింది సరిగ్గా నడిమి నిట్రాడు మీద. ఆ మాటే చెప్పాను. ఇద్దరూ నమ్మినట్టు లేరు. నాకు కోపం కూడా రాలేదు, వంగి విరిగిన కొసను పట్టి చూశాను. అంత మంచి కర్ర చేత్తో నొక్కితే పొడిపొడిగా రాలింది.

ఇప్పుడు పంపకాలకు వెళితే, ఇంటిని చూడకముందే “మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?” అని అడుగుతాను. లేదని చెబితే ఎంత గొప్ప దూలమైనా కోసేయమంటాను. సాంబయ్య మాట విని ఉంటే, ఎవరి కప్పు వారిదై, రెండు ముక్కలుగానైనా ఆ ఇల్లు ఇవాళ నిలబడి ఉండేది.