పసుపుతాడు మీద రెండు పిన్నీసులు

మా కోడలు రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్-రే టెక్నీషియను. నేను అదే పని చేసి రిటైరైనవాణ్ణి. ఆ ఆసుపత్రివాళ్ళు ఎం.ఆర్.ఐ. మిషను కొంటూ ఆమెకో మాట చెప్పారు. ఉద్యోగం చేసుకుంటూనే ఎం.ఆర్.ఐ.లో పీజీ డిప్లమా పాసైతే మిషను ఆమెకే అప్పగిస్తారు. లేకపోతే హైదరాబాదు నుంచి మనిషిని తెచ్చుకుంటారు. ఆమె చేరింది. వారమంతా డ్యూటీ, ఆదివారాలు క్లాసులు. వంట మా ఆవిడ మీద, పాఠాలు అప్పజెప్పించుకోవడం నా మీద పడ్డాయి.

డైనింగు టేబులు మిషను, నేను పేషెంటుని. ఎక్స్-రేలో స్విచ్చి నొక్కినంతసేపే జాగ్రత్త. ఆ తరవాత గదిలోకి ఎవరు వచ్చినా ఫర్వాలేదు. ఆ అలవాటుతోనే ఒకరోజు అన్నాను.

"స్కాను అయిపోయింది కదమ్మా, ఇక ఎవరు లోపలికొస్తే ఏంటి?"

"అది అయస్కాంతమండి మావయ్యగారూ. చప్పుడు ఆగుద్ది గానీ లాగడం ఆగదు."

"రాత్రిళ్ళు కూడానా?"

"రాత్రిళ్ళు కూడానండి. మనుషుల్లాగ రిటైరవ్వదు."

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. ఆ రోజు డైరీలో ఈ సంగతి రాసుకున్నాను, నవ్వు సంగతి వదిలేసి.

ప్రాక్టికల్ పరీక్ష ఊళ్ళోనే వేరే ఆసుపత్రిలో పెట్టారు. నిజమైన పేషెంటుకే స్కాను చెయ్యాలి, ఎగ్జామినరుగా వచ్చిన డాక్టరు పక్కనుండి చూస్తాడు. మా అబ్బాయి షాపు పని మీద పాలకొల్లు వెళ్ళడంతో నేనే ఆటోలో తోడు వెళ్ళి హాల్లో బల్ల మీద కూర్చున్నాను.

పేషెంటు నడుము నొప్పితో వచ్చిన ఒకావిడ. కూడా ఆవిడ అత్తగారు ఉన్నారు. మా కోడలు వచ్చి అన్నీ వరసగా అడిగింది. గుండెకి మిషను పెట్టారా, కాల్లో రాడ్డు ఉందా, మెట్టెలు, ముక్కుపుడక, తల పిన్నులు తీశారా అని. చివరికి పుస్తెల దగ్గరికి వచ్చింది.

"పుస్తెలెలా తీస్తామమ్మా? మావాడు నిక్షేపంలా ఉన్నాడు," అన్నారు అత్తగారు.

మా కోడలు అందుకు సిద్ధపడే వచ్చింది. సంచిలోంచి పసుపు కొమ్ము కట్టిన పసుపుతాడు తీసింది.

"ముందు ఇది మీ చేత్తో కట్టండి. ఆ తరవాతే అది తీద్దామండి. మెడ ఒక్క క్షణం కూడా బోసిగా ఉండదు."

పేషెంటు గౌను మార్చుకుని, తాడు కట్టించుకుని వచ్చి నా ఎదుటి బల్ల మీద కూర్చుంది. మా కోడలు కంప్యూటర్లో వివరాలు ఎక్కించడానికి లోపలికి వెళ్ళింది. మా వైపు ఆడవాళ్ళు పుస్తెలతాడుకి రెండు పిన్నీసులు తగిలించుకుంటారు, ఎప్పుడైనా పనికొస్తాయని. అత్తగారు తీసిన గొలుసుని రుమాల్లో మూట కడుతూ, దానికున్న పిన్నీసులు రెండూ తీసి పేషెంటు మెడలోని పసుపుతాడుకి తగిలించారు.

నేను నోరు తెరిస్తే పరీక్ష హాల్లో చీటీ అందించినట్టే. ఆ సంగతి తెలుసు. అయినా ఎదురుగా చూస్తూ ఊరుకోలేకపోయాను.

"అమ్మా, ఆ పిన్నీసులు తీసెయ్యండి."

"పిన్నీసులే కదండీ, బంగారమా ఏంటి?"

"బంగారం కన్నా ఇనుముతోనే గొడవమ్మా."

గుమ్మంలో నిలబడిన డాక్టరు ఇటు తిరిగాడు. "మీరెవరండి?"

నేను చెప్పేలోపు లోపలినుంచి వచ్చిన మా కోడలే చెప్పింది. "మా మావయ్యగారండి."

"అయితే ఈ కేసు లెక్కలోకి రాదమ్మా. స్కాను మాత్రం చేసెయ్యి. సాయంత్రంలోగా ఇంకో పేషెంటు వస్తే చూద్దాం, రాకపోతే వచ్చే ఏడాదే."

స్కాను అయ్యింది. మధ్యాహ్నం దాటినా ఎవరూ రాలేదు. కోడలు క్యారేజీ విప్పి నా ముందు పెట్టింది. "తినండి. షుగరు మనిషి."

"నేను చెప్పకపోతే ఏమయ్యేది?" అన్నాను.

"గుమ్మం దగ్గర మళ్ళీ అడిగి మెడ తడిమేదాన్నండి."

"మర్చిపోతే?"

"మర్చిపోతే ఫెయిలవ్వాలండి. రేపు నేనొక్కదాన్నే ఉంటాను కదా అక్కడ."

అయినా మళ్ళీ అదే బల్ల మీద కూర్చోబెడితే మళ్ళీ చెబుతాననే అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా మోకాలి నొప్పితో ఒక రైతు వచ్చాడు. డాక్టరు నన్ను బయటికి పంపేశాడు. ఆటోస్టాండు దగ్గర టీకొట్లో కూర్చున్నాను. కప్పులు ఖాళీ అవుతున్నాయి గానీ ఆమె రాలేదు. దీపాలు పెట్టే వేళకి వచ్చింది.

"ఏంటమ్మా సంగతి?"

"మొలతాడు, తాయెత్తు, ఉంగరం అన్నీ ఇచ్చేశాడండి. గుమ్మం దగ్గర మళ్ళీ అడిగితే ఏమీ లేదన్నాడు. పిడికిలి విప్పమన్నాను. బండి తాళాలు. ఎవరికి ఇచ్చినా నమ్మకం లేదంట."

"డాక్టరు చూశాడా?"

"ఆయన అవతలి గదిలో ఉన్నాడండి. చూడలేదు." ఆటోలో కూర్చున్నాక అంది. "చూడకపోయినా ఫర్వాలేదండి."

స్కాను బొమ్మలు బాగానే వచ్చాయట. వాటికే మార్కులు పడ్డాయి. పాసైంది. హైదరాబాదు మనిషిని రావద్దన్నారు. మిషను బిగించిన వారం నుంచి ఆమె అక్కడే పనిచేస్తోంది.