దొరగారి పరాయిదేశపు పద్ధతులు

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషికి పరాయి దేశంలో ఉద్యోగం ఖాయమైందని తెలిసిన రోజునే వీధివాళ్లు ఆయనకు "దొరగారు" అని పేరు పెట్టేశారు. పెట్టరా మరి! విమానం ఎక్కకముందే ఆయన కాళ్లు నేలమీద ఆనడం మానేశాయి. భార్యను కూడా వెంట తీసుకెళ్తున్నాడు కాబట్టి, అక్కడి పద్ధతులు ముందే వంటబట్టించుకోవాలని ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. చూసి ఊరుకుంటే బాగానే ఉండేది. వాటిని ఇంట్లో అమల్లో పెట్టాడు.

భార్య దర్జీ. ముందుగదిలో మిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. కొలతలకని వచ్చి కబుర్లలో పడేవాళ్లు, దారపుండ అరువడిగేవాళ్లు, తుమ్మినా దగ్గినా పరిగెత్తుకొచ్చే పక్కింటి పిన్నిగారు, ఆ గది ఎప్పుడూ సందడిగానే ఉండేది. దొరగారికి వీళ్లెవరూ కంటికి ఆనలేదు.

"అక్కడ చెప్పాపెట్టకుండా ఎవరూ ఎవరింటికీ పోరు. ఒంట్లో ఎలా ఉంది, ఇంకా పిల్లల్లేరేం అని ఆరాలు తియ్యరు. ఎవరి బతుకు వాళ్లది. ఇప్పట్నించే అలవాటు చేసుకో," అన్నాడు.

"మరి అక్కడ మగవాళ్లు కూడా అంట్లు తోముతారటగా?" అంది ఆమె, మిషను ఆపకుండానే.

"అన్నీ ఒక్కసారే అలవాటవుతాయా ఏంటి?" అన్నాడు. ఆ వీడియో ఒక్కటీ ఎందుకో ఆయన కంట పడనే లేదు, పాపం!

ఇంతలో ఆమెకు జ్వరం పట్టుకుంది. మంచం మీంచి లేవలేకపోయింది. దొరగారు గుమ్మంలో నిలబడి చూశాడు.

"అక్కడ ఒంట్లో బాగోనివాళ్లని ఊరికే కదిలించరు. ప్రశాంతంగా వదిలేస్తారు," అని తలుపు దగ్గరగా వేసి, హోటల్లో తినేసి పనికి వెళ్లిపోయాడు. ఆహా, ఎంత సుఖమైన సంస్కృతి! వేలు కదపక్కర్లేదు, పైగా నాగరికుడనే పేరు.

మధ్యాహ్నమైనా మిషను చప్పుడు వినబడకపోయేసరికి పిన్నిగారికి అనుమానమొచ్చి లోపలికొచ్చింది. మాత్ర మింగించి, తడిగుడ్డతో నుదురు తుడుస్తూ సాయంత్రందాకా మంచం పక్కనే కూర్చుంది. దొరగారు వచ్చి చూసి మొహం చిట్లించాడు.

"పిన్నిగారూ, వచ్చేముందు ఫోన్ చేసి అడగాలండీ. తిన్నగా పడగ్గదిలోకి వచ్చెయ్యడం మర్యాద కాదు."

పిన్నిగారు చేతిలోని తడిగుడ్డ పక్కన పెట్టింది. "అలాగే నాయనా," అని లేచి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. దాహమేసినప్పుడల్లా ఆ ఇల్లాలు గోడ పట్టుకుని వంటగదిదాకా నడిచింది. మొగుడు అనేవాడు పక్కగదిలో చెవుల్లో వైర్లు పెట్టుకుని, విదేశీ మర్యాదలు నేర్చుకుంటూనే ఉన్నాడు. ఆమెకు కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది.

ఆమె కోలుకున్నాక వీసాలొచ్చాయి. దొరగారు కొత్త పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టి, "బట్టలు సర్దుకో," అన్నాడు.

"నేను రాను."

"పిచ్చా నీకు? ఆ దేశం గురించి నీకేం తెలుసని?"

"మీరు చెప్పిందే. అక్కడ తలుపు తోసుకొచ్చే పిన్నిగారు ఉండదు. అది తప్పని నేననను, వాళ్ల పద్ధతి వాళ్లది. అక్కడి ఆడవాళ్లకి జ్వరమొస్తే మొగుళ్లు సేవ చేస్తారు కాబోలు."

దొరగారు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"అక్కడ నాకు మీరొక్కరే దిక్కు. మీరేంటో చూశాను. మిమ్మల్ని నమ్ముకుని అంతదూరం రాలేను."