రోజుకో మాట, ఇచ్చినవాళ్ల పేరుతో సహా

మా అయివారు పోయారు. ఆ సంగతి నాకు ఫోనులో, పదో తరగతి బ్యాచి గ్రూపులో, దణ్ణం పెట్టే చేతుల బొమ్మ రూపంలో తెలిసింది. ఆత్మకూరులో మా బడి స్టాఫ్‌రూములో అన్నం డబ్బా తెరుస్తున్నాను. పైకి జరిపి చూస్తే అందరూ వరసగా అదే బొమ్మ పెట్టి ఉన్నారు. ఐదేళ్లు ఆయన దగ్గర రోజుకో కొత్త మాట నేర్చుకున్నవాళ్లం. ఒక్కరికీ సొంతంగా ఒక వాక్యం రాయాలని తోచలేదు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. తీరా రాద్దామని కూర్చుంటే నేనూ అదే బొమ్మ పెట్టి ఫోను పక్కన పడేశాను.

ఉదయగిరి హైస్కూల్లో ఆయన మాకు తెలుగు చెప్పారు. ఆయన పద్ధతి ఒకటుండేది. రోజూ మొదటి గంటలో మాలో ఒకరు ఒక కొత్త మాట తేవాలి. పుస్తకంలోంచి తెస్తే ఒప్పుకోరు, మనిషి దగ్గర అడిగి తేవాలి. బోర్డు మీద ఎడమవైపు ఆ మాట, కుడివైపు అది ఇచ్చిన మనిషి. కుండలు చేసే తాత, బస్టాండు టీకొట్టు పిన్నమ్మ, ఇట్లా. సాయంత్రం లోపల ఆ మాటను బడి బయట ఎవరితోనైనా ఒక్కసారి వాడి రావాలి. ఇంటిగంట కొట్టగానే ఆయనే తడిగుడ్డతో బోర్డు తుడిచేసేవారు. మమ్మల్ని రాసుకోనిచ్చేవారు కాదు. ఎందుకని అడిగితే, "నోట్లోకి రాని మాట నోటుబుక్కులో ఎందుకురా, చెదలు తినేదానికా?" అనేవారు.

ఆ మొండితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. ఐదేళ్ల మాటల్లో నాకు గుర్తున్నవి రెండు చేతుల వేళ్లకు మించవు. ఆయన రిటైరయ్యాక, అవన్నీ పోగుచేసి పుస్తకం వేద్దామని మేము కొందరం వెళ్లి బతిమాలాం. "పుస్తకం ఏస్తే మీరు మళ్లా ఎవర్నీ పొయ్యి అడగరు" అన్నారు. టీ ఇచ్చి పంపేశారు.

ఆయన వల్ల విసుగెత్తిన సందర్భాలు ఒకటా రెండా. ఒకసారి వక్తృత్వ పోటీకని మా ముగ్గురిని వెంటబెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కారు. దారిలో టీ కోసం బస్సు ఆగితే దిగారు. రోడ్డు పక్కన ఒకాయన గొర్రెలు తోలుకుపోతూ, మందలో వెనకబడిన గొర్రెను ఏదో మాటతో తిడుతున్నాడు. మా అయివారు ఆయన వెంట పడ్డారు. కండక్టరు ఎంతసేపు ఆగుతాడు? బస్సు కదిలింది. కిటికీలోంచి మేము అరుస్తుంటే, "మీరు పోండి, నేను ఎనకాల బస్సుకొస్తా" అని చెయ్యి ఊపారు. ముగ్గురం బిక్కచచ్చి ఆత్మకూరులో దిగాం. పోటీలో నా నోరు పెగల్లేదు. ఆయన పోటీ అయిపోయాక వచ్చి, ఓడిపోయిన సంగతి అడక్కుండా ఆ గొర్రె మాట మాకు చెప్పి మురిసిపోయారు. మర్నాడు బోర్డు మీద రాశారు, సాయంత్రం తుడిచేశారు. అదేం మాటో నాకిప్పుడు గుర్తులేదు, చెప్పేందుకు ఆయనా లేరు.

ఒక్క మాట మాత్రం నేను మరిచిపోలేదు. మాది చెరువు పక్కన పల్లె. ఇంట్లో అందరూ కూలికి పోయేవాళ్లు, చెరువులో నీళ్లుంటే చేపలు పట్టేవాళ్లు. నా వంతు వచ్చిన రోజు మా అవ్వ మాట తీసుకెళ్లడానికి నాకు సిగ్గేసింది. నిఘంటువు తిరగేసి 'వీచిక' అని రాసి, అంటే అల అని చెప్పి, ఇచ్చింది మా అవ్వ అన్నాను. అయివారు తలూపి పాఠంలోకి వెళ్లిపోయారు. సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి మా గుమ్మం ముందు కూర్చుని ఉన్నారు. అవ్వ వల బాగుచేసుకుంటోంది.

"అవ్వా, వీచిక అనే మాట నువ్వే ఇచ్చినావంట గదా" అన్నారు.

అవ్వ నా మొహం చూసింది. "ఇచ్చే ఉంటాను అయివారా. ముసిల్దాన్ని, గ్యాపకం ఉండి చావదు" అంది.

"అయితే నాకింకొకటియ్యి. అది మరీ చదువుకున్నోళ్ల మాట మాదిరి ఉండాది."

"నాకాడ ఏముంటాయి అయివారా, చేపలు తప్ప?"

"ఆ చేపల మాటే ఇయ్యి."

అవ్వ వల పక్కన పెట్టింది. చెరువు నిండి పొర్లే చోటును మేము కలుజు అంటాం. "కలుజు పారేటప్పుడు చేపలు ఎదురెక్కుతాయి. నీళ్లు కిందికొస్తా ఉంటే అయ్యి పైకి పోతాయి. అప్పుడే మేం వల ఏసేది" అంది. మర్నాడు బోర్డు మీద ఎదురెక్కడం అని రాసి, కుడివైపు 'చెరువుకట్ట అవ్వ' అని ఆయనే రాశారు. ఒక రైతు కొడుకు లేచి, "మా కయ్యల్లోకి కూలికొచ్చే అవ్వా?" అన్నాడు. "అవును. ఈ పొద్దు నీకు అయివారు ఆమే. ఆ మాట పెట్టి ఒక వాక్యం చెప్పు" అన్నారు. వాడు చెప్పేదాకా కూర్చోనివ్వలేదు. నన్ను బయటికి పిలిచి, "ఇంకెప్పుడూ మీ అవ్వని దాచిపెట్టొద్దు పాపా" అన్నారు. అంతకుమించి ఒక్క మాట తిట్టలేదు.

ఇప్పుడు నేనూ పంతులమ్మనే. మా బడిలోనూ రోజుకో మాట ఉంది. పొద్దున్నే పై ఆఫీసు నుంచి ఫోనులోకి ఒక ఇంగ్లీషు మాట వస్తుంది. బోర్డు మీద రాయాలి, పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకోవాలి, ఫోటో తీసి పంపాలి. బుధవారం నాడు సోమవారం మాట ఏమిటని అడిగితే క్లాసంతా నోళ్లు వెళ్లబెడుతుంది. విసుగొచ్చి ఒక రోజు అయివారి పద్ధతి పెట్టాను, ఇంట్లో అడిగి మాట తెమ్మన్నాను. అందరూ ఫోనులో వెతికి తెచ్చారు. ఒక పిల్ల మాత్రం వట్టి చేతులతో నిలబడింది. కలువాయి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటుంది.

"మా నాయనకాడ మాటలేం ఉండవు మేడం. మేకలు కాస్తాడు" అంది.

ఏం చెప్పినా ఆ పిల్ల నమ్మేటట్టు లేదు. ఆ రోజే అయివారికి ఫోన్ చేశాను. అంతా విని, "శనివారం వస్తా. ఆ బిడ్డతో నేను మాట్లాడతా" అన్నారు. మోకాళ్ల నొప్పులతో బస్సెందుకు, నేనే కారులో వచ్చి తీసుకొస్తానన్నాను. క్లాసులో కూడా చెప్పాను, పెద్దసారు వస్తున్నారని.

శుక్రవారం సాయంత్రం మెసేజి వచ్చింది, శనివారం నెల్లూరులో ట్రైనింగు, తప్పక రావాలని. పిల్లల పదసంపద పెంచడం ఎలా అనే దాని మీదే ఆ ట్రైనింగు. అయివారికి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. చెప్పలేదు. రాత్రికి చేద్దామనుకున్నాను, ఆదివారం చేద్దామనుకున్నాను. సోమవారం ఆ పిల్ల "పెద్దసారు రాలేదా మేడం?" అని అడిగితే "వస్తార్లే" అన్నాను. ఆ మరుసటి వారమే గ్రూపులో ఆ చేతుల బొమ్మ. నేను ఆయన్ని బస్సెక్కనిచ్చి ఉంటే, మోకాళ్లు పట్టుకుని అయినా వచ్చి ఉండేవారు.

మూడో రోజు ఉదయగిరి వెళ్లాను. వచ్చినవాళ్లంతా ఆయన్ని నడిచే నిఘంటువు అంటున్నారు, వింటుంటే చిరాకేసింది. ఆయనెప్పుడూ నిఘంటువు చూడనిచ్చిన మనిషి కాదు. అందరూ లేచాక అమ్మ, అంటే అయివారి భార్య, నన్ను వసారాలో కూర్చోబెట్టుకుంది.

"ఆ శనివారం ఏడింటికే తయారైనాడు. టిఫిను తినమంటే, మా పంతులమ్మ వస్తాది, దారిలో తింటామన్నాడు. పన్నెండైనా రాకపోతే నేను ఫోన్ చేస్తానంటే చెయ్యనీలా. కారు తోల్తా ఫోన్ ఎట్ట ఎత్తుద్ది అన్నాడు. నాలుగింటికి, ఈ పాటికి బడి ఇడిచిపెట్టుంటారు అని లేచినాడు."

నేను తలెత్తలేదు. "మా హాస్టల్ పిల్లకి ఏం చెప్పాలనుకున్నారమ్మా?" అని అడిగాను.

"ఆ బిడ్డకి నేను చెప్పేదేముండాది, ఎంటబెట్టుకోని వాళ్ల నాయన కాడికే పోవాల అన్నాడు. మేకల ఎనకాల తిరగాలంటే ముళ్లు దిగతాయని బజారుకు పొయ్యి అయ్యి కొనుక్కొచ్చుకున్నాడు" అని గోడ వైపు చూపించింది.

గోడవారన ఒక జత టైరు చెప్పులు ఉన్నాయి, మేకలు కాసేవాళ్లు వేసుకునేవి. రెండూ వీధి వైపు తిరిగి ఉన్నాయి. ఒకదాని పట్టీకి కొట్టువాడు కట్టిన దారం ఇంకా విప్పలేదు.