పెన్సిల్ అచ్చులో ఖాళీ గడి

పొద్దున్నే చూపుడువేలు నల్లబడింది. ఒక పాత కారు కింద వెల్లకిలా పడుకొని, చట్రం మీద కొట్టిన నంబరుపై పల్చటి కాగితం అదిమిపెట్టి పెన్సిల్‌తో రుద్దుతున్నాను. తుప్పు, గ్రీజు, పెన్సిల్ పొడి మూడూ కలిసిన ఆ వాసన నాకు ఇప్పటికీ పడదు. ఎన్ని కార్ల కింద దూరానో లెక్కలేదు, అయినా అంతే. కాగితం మీద అంకెలు ఒక్కొక్కటే తేలాయి. చివరి నుంచి రెండోది మాత్రం తేలలేదు. ఒక నిలువు గీత, దాని నెత్తిన తుప్పు తిన్న గుంట. ఒకటి కావచ్చు, ఏడు కావచ్చు. లేవబుద్ధి కాక కారు కిందే కాసేపు కళ్లు మూసుకున్నాను. రాజ్యలక్ష్మి గారు గుర్తొచ్చారు.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఇక్కడ బహ్రెయిన్‌లో, జింజ్‌లో, ఒక ఇస్త్రీ దుకాణం పైన రెండు గదుల ఆఫీసు ఆమెది. లైసెన్సు కఫీల్, అంటే పూచీపడే స్థానికుడి పేరున ఉండేది, పనీ సంతకమూ ఆమెవి. బయటి దేశాల నుంచి పాతకాలపు కార్లు తెప్పించుకొని, వాటికి కొత్త ఇంజిన్లు, కొత్త బ్రేకులు పెట్టించుకొని మురిసిపోయే పెద్దమనుషులుంటారు. ఆ బళ్లు చట్టప్రకారం దేశంలోకి రావడానికి, రోడ్డెక్కడానికి కావలసిన కాగితాలన్నీ ఆమె చేసిపెట్టేవారు. రాజమండ్రి మనిషి. యాభై దాటిన వయసు, పొట్టి, నేత చీర కింద పరుగుపందెం వాళ్లు వేసుకునే బూట్లు. అరచేతులకు ఎప్పుడూ చెమట. ఏసీ గదిలో కూర్చొని కూడా రుమాలుతో తుడుచుకుంటూనే ఉండేవారు. అంత పిరికి మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆమె దగ్గర పనికి చేరిన మొదటి వారం, ఈమె ఆఫీసు ఎట్లా నడుపుతుందిరా దేవుడా అని లోపల్లోపల నవ్వుకున్నాను కూడా.

నాది జగిత్యాల. మా ఇంట్లోవాళ్లకు నేను ఈనాటికీ ‘దుబాయి’లోనే ఉన్నాను, బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. ఇక్కడికి రాకముందు మా ఊళ్లో బళ్ల రిజిస్ట్రేషన్లు చేయించే ఒక ఏజెంటు దగ్గర మూడేళ్లు పనిచేశాను. అందువల్ల నాకంతా తెలుసని నా నమ్మకం. మొదటిరోజు మేడం నా చేతికి పెన్సిల్, కాగితం ఇచ్చి ఒక కారు చూపించారు. నేను ఫైలు అందుకోబోతే వెనక్కి లాక్కున్నారు. “ముందు కింద దూరండి రమేశ్ గారూ. కాగితాలు తర్వాత చూద్దురుగాని. కాగితం ముందు చూశారనుకోండి, కన్ను అందులో ఉన్నదే చూస్తుందండి.” గోదావరి మనిషి కదా, నావంటి కుర్రవాడికి కూడా గారు, అండి తప్పేవి కావు. అచ్చు తీసి ఇచ్చాక ఆమె ఒక్కో అంకెకూ ఒక గడి గీసి రాసుకున్నారు. సరిగ్గా తేలని అంకె ఉంటే ఆ గడి ఖాళీగా వదిలేసి, కింద ‘చదవడం కుదరలేదు’ అని రాసి తేదీ వేసేవారు. ప్రతి కారు అచ్చూ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో దాచేవారు.

పని ముగిసి బండిని ట్రాఫిక్ వాళ్ల తనిఖీకి పంపే రోజున ఆమె ఒక ప్రశ్న అడిగేవారు. “భయంగా ఉందాండి?” మొదటిసారి నేను ఛాతీ విరుచుకొని, “ఏం లేదు మేడం, అంతా కరెక్టే” అన్నాను. ఆమె చేతిలోని తాళాలు బల్ల మీద పెట్టేశారు. “అయితే ఇంకోసారి చూడండి.” చూశాను. ఇంజిన్ మార్చినందుకు ఇవ్వవలసిన ఉత్తరంలో ఒక సంతకం లేదు. ఎట్లా కనిపెట్టారని అడిగితే, తాను కనిపెట్టలేదనీ, భయం లేనివాళ్లు రెండోసారి చూడరనీ చెప్పారు. ఇంజిన్ మార్చొచ్చు, బ్రేకులు మార్చొచ్చు, అన్నిటికీ అనుమతులున్నాయి. “ఇంటికి రంగు మార్చుకోండి, కిటికీలు మార్చుకోండి, ఎవరూ కాదనరు. పునాది పీకేశాక అదే ఇల్లంటే మాత్రం ఒప్పుకోరు. చట్రమూ దాని మీది నంబరూ పునాదండి. దాని జోలికి మాత్రం పోకండి” అనేవారు. నేను తలూపాను. ఊపడానికేముంది, తల నాదే కదా.

ఆ ఏడాది అబూ ఖాలిద్ అనే పెద్దాయన ఒక పాత పికప్ తెప్పించాడు. మామీర్‌లోని గ్యారేజీలో దానికి కొత్త ఇంజిన్ బిగించి, తుప్పు గీకి రంగు వేస్తున్నారు. సఖీర్‌లో రేసుల మైదానం దగ్గర పాత కార్లవాళ్లంతా కలిసే రోజు దగ్గర పడుతోంది, ఆలోగా బండి రోడ్డెక్కాలని ఆయన పట్టు. సరిగ్గా అప్పుడే మేడం తల్లిగారి కంటి ఆపరేషన్ కోసం పదిరోజులు రాజమండ్రి వెళ్లారు. వెళ్తూ, “రంగు పని చూసుకోండి చాలు. తనిఖీ సంగతి నేనొచ్చాక” అన్నారు. అబూ ఖాలిద్ రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి “యల్లా రమేశ్, యల్లా” అని తొందరపెట్టేవాడు. నేను వెళ్లి చట్రం చూస్తే నాలుగో అంకె సగం తుప్పు తినేసింది. ఫైలులో అది ఎనిమిది. చట్రం మీద మూడులాగానూ ఉంది, ఎనిమిదిలాగానూ ఉంది.

మా ఊళ్లో నంబరు చెరిగిన బండి వస్తే మళ్లీ కొట్టించేవాళ్లం. దానికి ముందు దరఖాస్తు, అనుమతి, అధికారి ముందర కొట్టడం, ఇదంతా ఉంటుంది. అది మా ఏజెంటు చూసుకునేవాడు. నా కళ్లు చూసింది సుత్తి దెబ్బలు మాత్రమే, అందుకే నాకు గుర్తున్నవీ అవే. ఆ గ్యారేజీలో మల్లేశన్న అని నిర్మల్ నుంచి వచ్చిన వెల్డర్ ఉండేవాడు. పైపుల మీద నంబర్లు వేసే అంకెల అచ్చులు అతని దగ్గరున్నాయి. “అన్నా, గీ ఒక్క అంకె సక్కగ కనవడ్తలేదు. జర కొట్టియ్యవా?” అన్నాను. “గిదెంత పని తమ్మీ! రెండు దెబ్బలేస్తే ఖలాస్” అన్నాడు పాపం. నిజంగానే రెండే దెబ్బలు. ఎనిమిది కొత్త నాణెంలా మెరిసింది. మేడం వచ్చి మెచ్చుకుంటారని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మేడం వచ్చిన మర్నాడే గ్యారేజీకి వెళ్లాం. చీర కుచ్చిళ్లు దోపుకొని, అట్టముక్క పరుచుకొని, పెన్సిల్‌తో కిందికి దూరారు. రుద్దుతున్న చప్పుడు సగంలో ఆగిపోయింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చాక ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ఇది ఎవరు కొట్టారు?” అన్నారు. నేను గర్వంగానే చెప్పాను. ఆమె ఒక టైరు మీద కూలబడిపోయారు. “ఏం చేశావయ్యా” అన్నారు. నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి, ఆ ఒక్కమాటతోనే నా పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత ఆమె ఒక్కొక్కటే చెప్పారు. చట్రం నంబరు మీద చెయ్యి పడిందంటే దొంగబండి అని అర్థం. బండి పట్టుకుంటారు. కొట్టినవాడు, కొట్టించినవాడు, ఆఫీసు మనిషి, అందరి మీదా విచారణ. అది తేలేదాకా దేశం దాటనివ్వరు. తేలాక జైలో, ఇంటికి పంపేయడమో ఎవరికి తెలుసు? “ఫైలులో ఎనిమిదే ఉంది కద మేడం” అన్నాను ఏడుపు గొంతుతో. “ఫైలు రాసినవాడు సముద్రం అవతల ఉన్నాడు. తుప్పు కింద ఏముందో నాకు తెలియదు, నీకూ తెలియదు. తెలియనిదాని మీద సుత్తి వేశావు. అక్కడ మూడుంటే ఏమవుతుందో ఆలోచించావా?” నేను ఆలోచించలేదు. అప్పుడు ఆలోచించాను.

మల్లేశన్న అన్నీ విని గోడకు ఆనుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత ఇంటికి వెళ్లబోతున్నాడు, టికెట్ కూడా చేతికొచ్చింది. “మేడం, ఉప్పునీళ్లు కొట్టి రెండు దినాలు ఎండల వెడ్తె మల్ల తుప్పు వడ్తది. ఎవ్వలికి తెల్వది” అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా మనసు ఆ ఉప్పునీళ్ల వైపే లాగింది. మేడం చాలాసేపు రుమాలు నలిపారు. ఆమెకు కూడా ఆశ పుట్టిందేమో, నాకు తెలియదు. చివరికి లేచి, “ఒక తప్పుకే ఇంత వణుకుతున్నాను. రెండోది నావల్ల కాదు నాయనా. రేపు మనమే వెళ్లి చెప్దాం” అన్నారు. మల్లేశన్న నా వైపు తిరిగాడు. “నువ్వు కొట్టుమంటెనే కొట్టిన. ఆఖరికి నన్ను దొంగను జేస్తివి గద తమ్మీ.” ఎంకి పెళ్లి సుబ్బి చావుకొచ్చిందంటారు చూడండి, అది నా మంచితనానికి సరిగ్గా అతికింది.

మర్నాడు ట్రాఫిక్ ఆఫీసు వరండాలో కూర్చున్నాం. మేడం జరిగిందంతా నా చేతనే రాయించి, చదివి, కొట్టివేతలు లేకుండా మళ్లీ రాయించారు. “నీ తప్పు నువ్వే చెప్పాలి. ఆఫీసు నాది కాబట్టి పక్కన నేనుంటాను” అన్నారు. రుమాలు తడిసిపోతే, సంచిలో ఇంకొకటుంది తీయమన్నారు. సంచి తెరిచాను. పైన రుమాలు లేదు. ఒక తువ్వాలు, పళ్లు తోముకునే బ్రష్షు, రబ్బరు చెప్పుల జత, బీపీ మాత్రలు నెలకు సరిపడా పట్టీలు. నేను ఆమె ముఖంలోకి చూశాను. “ఇంటి తాళంచెవి పక్కింటి మలయాళీ ఆవిడకిచ్చాను, మొక్కలకు నీళ్లు పోస్తుంది” అన్నారు, సంతకు వెళ్తున్నట్టు. ఆమె జైలుకు సిద్ధపడి వచ్చారని అప్పుడుగాని నా మట్టిబుర్రకు తట్టలేదు. సుత్తి పడిన రోజున ఆమె ఈ దేశంలోనే లేరు. పాస్‌పోర్టులో ముద్రలున్నాయి. ఇది వీడి పని, నాకు సంబంధం లేదు అని ఒక్క ముక్క రాసిస్తే సాయంత్రం ఇంటికెళ్లి కాఫీ తాగేవారు. నాకు ఏడుపు ఆగలేదు. “భయంగా ఉందా?” అన్నారు. “చానా భయంగ ఉంది మేడం” అన్నాను. “నాకూనూ. పద” అని లేచారు.

లోపలి అధికారి మాట తక్కువ మనిషి. నేను వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. మేడం బిస్కెట్ల డబ్బాలోంచి ఒక కాగితం తీసి ఆయన ముందు పెట్టారు. బండి రేవులో దిగిన రోజున ఆమె తీసిన అచ్చు. నాలుగో గడి ఖాళీ. కింద ‘చదవడం కుదరలేదు’ అని మూడు భాషల్లో, పక్కన అబూ ఖాలిద్ సంతకం. అధికారి ఆ కాగితాన్ని, నా రాతను, మార్చి మార్చి చూశాడు. “చదవలేని అంకెను ఎందుకు ఊహించి రాయలేదు?” అని అడిగాడు. “భయమండీ” అన్నారు మేడం అరబ్బీలో. ఆయన నవ్వలేదు. బండిని స్వాధీనం చేసుకున్నారు. తుప్పు కింది అంకె ఏదో వాళ్ల నిపుణులు తేల్చేదాకా మేం ముగ్గురం దేశం దాటకూడదన్నారు.

పందొమ్మిది రోజులు. తిండి సయించేది కాదు. స్నానం చేస్తుంటే, రోడ్డు దాటుతుంటే, ఎక్కడ చూసినా మూడే కనిపించేది. మల్లేశన్న టికెట్ తేదీ దాటిపోయింది. మేడం మాత్రం రోజూ ఆఫీసుకు వచ్చారు, చేతులు తుడుచుకుంటూనే మిగతా బళ్ల పని చేశారు. సంచి రోజూ భుజాననే ఉండేది. ఇరవయ్యో రోజున ఫోన్ వచ్చింది. మందు పూసి చూస్తే నా ఎనిమిది కింద అసలు ఎనిమిదే ఉంది. నంబరు మీద దెబ్బపడిందని ఫైలులో రాసి, నన్నూ మల్లేశన్ననూ హెచ్చరించి వదిలేశారు. రేవులో తీసిన ఆ అచ్చు లేకపోతే మా మాట తాము నమ్మేవాళ్లు కారని అధికారి చెప్పాడు. మేడం ఆ రోజు ఆఫీసు తలుపు వేసుకొని పెద్దగా ఏడ్చారు. సఖీర్ వేడుక అప్పటికే అయిపోయింది. అబూ ఖాలిద్ తర్వాతి కారును వేరే ఆఫీసుకు ఇచ్చాడు. మల్లేశన్న ఇంటికెళ్లి వచ్చాక కూడా ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

ఆమె రాజమండ్రి వెళ్లిపోతూ ఆఫీసు పని నాకప్పగించారు, డబ్బా కూడా. తనిఖీకి వెళ్లే ప్రతి పొద్దునా నేను ఫోన్ చేసేవాణ్ణి. అవతల నుంచి ఆ ఒక్క ప్రశ్నే. ఉందండీ అంటే, “అయితే వెళ్లండి” అని పెట్టేసేవారు. పోయినేడాది ఆమె పోయారు. ఆమె పిరికిదని నవ్వుకున్న రోజులు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇవాళ్టి కారు యజమాని పొద్దుటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. కాగితాల్లో ఏడే ఉంది కదా, ఏడని రాసెయ్యండి, వారాల తరబడి ఆగడం దేనికి అంటున్నాడు. నిజమే, కాగితాల్లో ఏడే ఉంది. నేను ఆ గడి ఖాళీగా వదిలి, కింద ‘చదవడం కుదరలేదు’ అని రాసి తేదీ వేశాను. నాకూ ఇప్పుడు బీపీ ఉంది. నెలకు సరిపడా మాత్రలు సంచిలో పెట్టుకున్నాను, తువ్వాలు కూడా. భయంగా ఉందా అని అడిగే మనిషి లేరు కాబట్టి నన్ను నేనే అడిగాను. ఉంది. సంచి భుజాన వేసుకొని ట్రాఫిక్ ఆఫీసుకు బయల్దేరాను.