పేరు దొరకని పుట్టగొడుగు

బాపట్లలో ఒక కాలేజీ బోటనీ ల్యాబులో జకరయ్య అటెండరు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అయినా లెక్చరర్ నరసింహారావు గారి వెంట ఏటా వానాకాలం చింతపల్లి కొండలకెళ్ళి, పుట్టగొడుగుల్ని పోల్చడం నేర్చుకున్నాడు. కాడ చుట్టూ ఉండే ఉంగరం, తుంచితే మారే రంగు, వాసన, దేన్నీ మర్చిపోడు.

1968 ఆగస్టులో వాగు పక్కన కూలిన మాను మీద ఊదారంగు పుట్టగొడుగు ఒకటి అతని కంటబడింది. తుంచితే నీలంగా పాలు కారాయి. నరసింహారావు గారు వెంట తెచ్చిన పుస్తకాలన్నీ తిరగేశారు.

"ఇది దేంట్లోనూ లేదయ్యా జకరయ్యా. కొత్తదేమో! వివరాలు రాసి కలకత్తాలో మొక్కల శాస్త్రవేత్తలకి పంపుదాం. నీ పేరూ వేయిస్తాను."

జకరయ్య దాని బొమ్మ గీసుకున్నాడు. కుంపటి సెగన ఆరబెట్టి, బాపట్ల తెచ్చి బీరువాలో దాచాడు. సముద్రపు చెమ్మ తగలకుండా రోజూ తీసి ఎండలో పెట్టేవాడు. నాలుగో రోజున రేపల్లె నుంచి టెలిగ్రాం వచ్చింది. పుట్టింటికెళ్ళిన భార్య సారాకి టైఫాయిడ్. ఉన్నపళంగా బయల్దేరాడు. బీరువా తాళంచెవి జేబులోనే ఉండిపోయింది.

పది రోజులకి సారా గండం గడిచింది. తిరిగొచ్చి బీరువా తెరిస్తే పుట్టగొడుగంతా తెల్లటి బూజు. ముట్టుకుంటే పొడైపోయింది.

"తాళంచెవి ఇచ్చి వెళ్ళాల్సిందయ్యా" అన్నారు నరసింహారావు గారు, అంతే.

విషయం తెలిసి సారా అడిగింది. "నా వల్లే కదండీ?"

"అదేం కాదు. అది కొండ మీదే పుచ్చిపోయింది."

సారా నమ్మలేదు. ఆ మాట మళ్ళీ ఎత్తనూ లేదు.

తర్వాత రెండు వానాకాలాలూ వెతికినా దొరకలేదు. మూడో ఏడు వెళ్ళేసరికి ఆ వాగు గట్టంతా నరికేసిన చెట్ల మొద్దులే. లారీ చక్రాల గుంటల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. జకరయ్య ఒక మొద్దు మీద చాలాసేపు కూర్చున్నాడు.

రిటైరై తెనాలిలో ఉంటున్న నరసింహారావు గారు ఆఖరికి ఆ బొమ్మనే కలకత్తా పంపారు. 1974లో జవాబొచ్చిందని కబురు పెడితే జకరయ్య రైలెక్కి వెళ్ళాడు.

"బొమ్మ చూసి ఏం చెప్పలేరట. ఎండిన పుట్టగొడుగే కావాలట."

"ఇంకోసారి వెళ్దామాండి?"

"నాకు మోకాళ్ళు పోయాయి. అక్కడ అడవి పోయింది. ఎక్కడికెళ్దామయ్యా?"

జకరయ్య మళ్ళీ కొండలెక్కలేదు. కొత్త లెక్చరర్ ఒకాయన, "పుట్టగొడుగుల గురించి నీకు బాగా తెలుసటగా, మాతో రా" అని పిలిచాడు.

"నాకేం తెలియదండి" అని జకరయ్య గాజుసామాను కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.