ఎటు మాస్టారికి బడి చూపించిన పిల్ల

మా హైస్కూల్లో జాగ్రఫీ మాస్టారికి దారులు తెలియవు. నది పుట్టిన చోటు నుంచి సముద్రంలో కలిసే దాకా కళ్ళు మూసుకుని బోర్డు మీద గీసేస్తారు గానీ, స్టాఫ్‌రూమ్ నుంచి ఎనిమిదో తరగతికి వెళ్ళమంటే మెట్ల దగ్గర నిలబడి బిక్కమొహం వేస్తారు. ఎవరు కనబడినా "ఎటు?" అనడమే. ఆ దెబ్బతో ఆయన అసలు పేరు మరుగున పడి, ఎటు మాస్టారు అన్నదే ఖాయమైంది.

ఒకసారి చాక్‌పీసు పుచ్చుకుని హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలోకి దూసుకెళ్ళి, "కూర్చోండి, కూర్చోండి" అన్నారు. ఆవిడ కూర్చునే ఉన్నారు.

"ఇన్నేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నారు కదండీ?" అని నిలదీశారావిడ.

"అదే చిక్కు మేడమ్. అలవాటైన చోట మనిషి పరాగ్గా ఉంటాడు."

ఏటా వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన కొత్తలో ఈ జబ్బు మరీ ముదిరేది. చిన్న బళ్ళ నుంచి వచ్చి ఎనిమిదిలో చేరిన పిల్లలు గోడలకి అతుక్కుని నడిచే రోజులవి. సరిగ్గా అలాంటివాళ్ళనే ఆపి, "నాయనా, లేబొరేటరీ ఎటు?" అనేవారు.

"నాకూ తెలీదు సార్."

"మంచిదైంది. ఇద్దరం వెతుకుదాం, నువ్వు ముందు నడువు."

కొన్నాళ్ళకి ఆ పిల్లలే, "మళ్ళీ మర్చిపోయారా సార్?" అని ఆయన్ని కసురుతూ బడంతా తిప్పేవాళ్ళు.

ఓ ఏడాది నేను క్లాస్ టీచర్‌గా ఉన్న ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల చేరిన వారానికే మానేసింది. వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి గుమ్మంలోనే తేల్చేసింది.

"దానికి భయమండీ. అంత పెద్ద బళ్ళో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరంటుంది. సోమవారం నుంచి మా చెల్లెలి కుట్టు షాపులో కూర్చోబెడతా."

చదువు విలువ గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని మంచినీళ్ళిచ్చింది. తలుపు వెనక పిల్ల తలెత్తలేదు. తిరిగొచ్చి స్టాఫ్‌రూమ్‌లో వాపోయి, నా పనైపోయిందనుకున్నాను.

సోమవారం పొద్దున్నే ఆ గుమ్మం ముందు ఎటు మాస్టారు ప్రత్యక్షం. "అమ్మా, హైస్కూలు ఎటు?"

"మాస్టారై ఉండి బడికి దారి తెలీదా?"

"తెలిస్తే మీ ఇంటికెందుకొస్తానమ్మా? ఆలస్యమైతే హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను బెంచీ ఎక్కిస్తారు. పాపని కాస్త తోడు పంపండి."

తల్లి మొహమాటపడి, "గేటు దాకా దింపి రావే" అంది.

గేటు దగ్గర పిల్ల ఆగిపోయింది. "ఇక్కడిదాకా బాగానే తెచ్చావు. ఎనిమిదో తరగతి ఎటు?" అన్నారాయన. క్లాసు దొరికాక, "ఎలాగూ వచ్చావు, కూర్చో. సాయంత్రం నన్ను తీసుకెళ్ళేదెవరు?" అన్నారు. మర్నాడు మళ్ళీ ఆ గుమ్మంలోనే తేలారు. ఆ మర్నాడూ అంతే. కుట్టు షాపు పిన్ని ఎదురుచూసి ఎదురుచూసి వేరే మనిషిని పెట్టుకుంది.

తొమ్మిదిలోకి వచ్చాక కూడా ఆ పిల్ల ఆయన్ని వెంటబెట్టుకునే వచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఆయనకి దారి తెలుసేమోనని నీకెప్పుడూ అనుమానం రాలేదా?"

"మొదటి రోజే తెలిసిపోయింది సార్. నేను మా పిన్ని షాపు సందులోకి తిరిగితే, 'అటు కాదమ్మా' అన్నారు."

"మరి ఆ మాట ఆయనతో అనలేదేం?"

"నొచ్చుకోరూ? అయినా నేను రాకపోతే మా వీధి మొదట్లో అలాగే నిలబడిపోతారు సార్. మొదటి పీరియడ్ మాకు జాగ్రఫీ."